వసంతమ్మ నీళ్ళ లెక్క

మనిషి ఎదురుపడితే అందరూ ముఖం చూస్తారు. వసంతమ్మ కాళ్ళు చూసేది. చెప్పులూ పట్టీలూ కాదు, చీలమండలు. అవి కాస్త ఉబ్బుగా, నిగనిగలాడుతూ కనబడితే చాలు, తనవాళ్ళా పరాయివాళ్ళా అని లేదు, వంగి బొటనవేలితో ముంగాలి మీద నొక్కేది. వేలు తీశాక పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. ఒకసారి కమ్మర్‌పల్లిలో మేనత్త కొడుకు పెళ్ళికి పోయి, పీటల పక్కన పట్టుచీరలో కూర్చున్న వియ్యపురాలి కాలు పట్టుకుంది. పిల్ల దండం పెడుతోందనుకుని ఆవిడ నెత్తిన అక్షింతలు వేసింది. వేలు తీస్తే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. "అత్తా, రేపు దవాఖానకు రా, నీ ఉచ్చ పరీక్ష చేస్త," అని వసంతమ్మ నలుగురిలో, సన్నాయి ఆగిన సమయం చూసి మరీ అనేసింది. ఏడాది దాకా ఆ ఇంటివాళ్ళెవరూ ఆమెను శుభకార్యానికి పిలవలేదు. వియ్యపురాలు మాత్రం ఎవరికీ చెప్పకుండా వచ్చి పరీక్ష చేయించుకుంది, మందు తిన్నది, మనవలను ఎత్తింది.

వసంతమ్మ ముప్కాల్ రైతు లింబయ్య కూతురు. హైదరాబాద్‌లో నర్సు చదువు చదివి, అక్కడే ఒక పెద్దాసుపత్రిలో మూత్రపిండాల వార్డులో రెండున్నరేళ్ళు పనిచేసింది. సూది వెయ్యడం, కట్టు కట్టడం, జ్వరం చూడడం అందరు నర్సులకూ వచ్చు. ఆ వార్డులో నేర్పింది వేరు. ఒంట్లోకి ఎన్ని నీళ్ళు పోయినయ్, బయటికి ఎన్ని వచ్చినయ్, మనిషి ఎంత బరువున్నాడు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొత్తు కుదరాలి. కుదరకపోతే ఎక్కడో ఎవరో అబద్ధం ఆడుతున్నట్టు. ఇంతే విద్య. వింటే తేలిక, రోజుకు పద్ధెనిమిది గంటలు చేస్తే తెలుస్తుంది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆమె నిజామాబాద్ వచ్చి, స్టేషను వెనక సందులోని ముప్పై మంచాల ఆసుపత్రిలో చేరింది. అక్కడ మూత్రపిండాల వార్డు లేదు సరికదా, మూత్రపిండాల ఊసే లేదు. ఆమె పోట్లాడి కిటికీ పక్కన పదకొండో మంచం సంపాదించింది. దాని పక్కన నిలబడి తూగే బరువు మిషను, తాళం వేసే ఒక బీరువా, అందులో స్పిరిట్ దీపం, గాజు గొట్టాలు, ఒక నీలం మందు సీసా. మిగతా నర్సులు దానికి 'వసంతమ్మ వంటిల్లు' అని పేరు పెట్టారు. ఆ వంటింట్లో ఏం కాగుతుందో తెలిసినవాళ్ళు ఆ పక్కన కూర్చుని టీ తాగేవారు కాదు.

డాక్టరు బాపురావు కొత్తగా వచ్చిన కుర్రవాడు, సరిహద్దు వైపువాడు. వసంతమ్మ ఏది చెప్పినా తల పంకించి, "నేను గదే అనుకుంటున్న సిస్టర్," అని రాసేసేవాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గానీ, తనకు తెలియనిది తనకు తెలియదని ఎరిగిన డాక్టరు ఎంతమందికి దొరుకుతాడు? వసంతమ్మ అతన్ని కన్నకొడుకులా చూసుకునేది, అప్పుడప్పుడూ అట్లాగే కసిరేది కూడా.

అరవై ఏడు డిసెంబరులో, చెరుకు సీజను ఊపు మీద ఉండగా, బోధన్ దగ్గరి ఊరినుంచి చెన్నకేశవరావును జీపులో తెచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పాతికెకరాలు చెరుకు వేసిన మోతుబరి. యాభై ఏళ్ళు, నిలువెత్తు మనిషి, పది మందికి వినబడేట్టు తప్ప మాట్లాడడం రాని మనిషి. రెండు రోజులు వాంతులూ విరేచనాలూ పట్టి పీడించాయి. అవి తగ్గాక మూత్రం ఆగిపోయింది. మూడో రోజుకు పాదాలు ఉబ్బాయి. వెంట భార్య నాగేంద్రమ్మ, ఆమె తమ్ముడు రామకోటేశ్వరరావు వచ్చారు. వాళ్ళ వెంట రెండు గెలల కొబ్బరిబొండాలు, క్యాను నిండా చెరుకురసం, బిందెడు బార్లీ నీళ్ళు కూడా దిగాయి.

"దారి పొడుగునా తాగిస్తూనే వచ్చామండీ," అంది నాగేంద్రమ్మ గర్వంగా. "ఎన్ని పట్టించినా ఒక్క చుక్క కూడా రావడం లేదు."

వసంతమ్మ చెన్నకేశవరావు కాలు నొక్కింది. గుంటలో వేలి కణుపు మునిగింది. ఆమె బొండాలు, క్యాను, బిందె మూడూ ఆయా హన్మవ్వ చేత మోయించి గదిలో పెట్టి తాళం వేసింది. తర్వాత ఆయన్ను పదకొండో మంచంలో వేయించి, నాగేంద్రమ్మను కూర్చోబెట్టి చెప్పింది.

"గిప్పుడు మంచిగ వినున్రి అమ్మా. వాంతులు విరేచనాలకు ఒంట్ల నీళ్ళన్ని పోయి ఆయన మూత్రపిండాలు సొమ్మసిల్లినయ్. పదిరోజులకో, పదిహేనుకో అవ్వే లేస్తయ్. మనం లేపుతే లేవయ్. నీళ్ళు పోస్తే పోయే తొవ్వ లేదు, గవి ఊపిరితిత్తులల్లకు పోతయ్. బొండం నీళ్ళల్ల, చెరుకురసంల ఒక తీరు ఉప్పుంటది, గది గుండెను ఆపేస్తది. లేసేదాక మనిషిని కాపాడుడే మన పని."

"మరి ఎన్ని నీళ్ళివ్వాలండీ?"

"నిన్న ఎంత మూత్రం పోసిండో అంత, మీదికెళ్ళి రెండు గ్లాసులు. చారు, పాలు, మందు మింగే నీళ్ళు, అన్నీ గా లెక్కలనే."

నాగేంద్రమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. నిన్న పోసింది పావు గ్లాసు. అంటే పాతికెకరాలకు కాలువ నీళ్ళు పారించే మనిషికి రోజుకు రెండుంపావు గ్లాసులు. "మా ఊళ్ళో దూడక్కూడా ఇంతకన్నా ఎక్కువ పెడతాం," అంది కళ్ళనీళ్ళతో. వసంతమ్మ జాలిపడింది. కానీ గ్లాసు సైజు మాత్రం పెంచలేదు.

తిండి విషయం ఇంకా దారుణం. పప్పు వద్దు, మాంసం వద్దు, ఉప్పు లేదు, ఆవకాయ మాట ఎత్తొద్దు. అన్నంలో వెన్న, చక్కెర కలుపుకుని తినాలి. బెల్లం కూడా పనికిరాదు, తెల్ల చక్కెరే. చెన్నకేశవరావు ఇరవై ఏళ్ళుగా ఫ్యాక్టరీకి చెరుకు తోలి, ఇంట్లో మాత్రం బెల్లం తప్ప చక్కెర ముట్టనివాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది తిని బతికే కంటే..." అని మొదలుపెట్టాడు. "మాట్లాడితే నోరెండి దూప పెరుగుతది రావుగారు," అంది వసంతమ్మ, రెండో ముద్ద అందిస్తూ.

రోజూ పొద్దున్నే ఆరింటికి, అదే పంచెతో, మూత్రం సీసా ఖాళీ చేశాక, ఆయన్ను బరువు మిషను ఎక్కించేది. పడుకున్న రోగి సరిగా తినక కరుగుతుంటాడు గనక, రోజుకు పావుకిలో తగ్గాలి. తగ్గకుండా ఉన్నాడంటే ఆ మేరకు నీళ్ళు ఊరినట్టే. ఈ సంగతి పుస్తకంలో చదివినవాళ్ళకు కూడా రోగి ముందు గుర్తుకు రాదు. చేరిన రోజు డెబ్బై ఎనిమిది. మర్నాడు పావు తక్కువ. బాగానే ఉంది.

మూడో రోజు ఒక అద్భుతం జరిగింది. సీసాలో రెండున్నర గ్లాసుల మూత్రం! వార్డంతా సంబరపడింది. బాపురావు మంచం దాకా పరుగెత్తుకుంటూ వచ్చాడు. వసంతమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూసింది, తన నోట్‌బుక్‌లో రాసింది, నీళ్ళు నాలుగున్నర గ్లాసులకు పెంచింది. మర్నాడు సీసాలో మూడున్నర. నీళ్ళు ఐదున్నర. చెన్నకేశవరావు గ్లాసు గ్లాసుకూ ఆమెకు దండం పెట్టాడు.

బరువు మాత్రం డెబ్బై తొమ్మిది చూపించింది. మనిషి పక్కకు ఒరిగి నిలబడ్డాడేమో అనుకుంది వసంతమ్మ. అట్లా అనుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. తర్వాత ఎన్నేళ్ళయినా ఆ ఒక్క 'అనుకోవడం' తలుచుకుని తనను తాను తిట్టుకునేది. ఆ మనిషి బాగుపడాలని ఆమెకు అంత ఆశగా ఉంది. ఆశగా ఉన్నప్పుడు కళ్ళు తమకు కావలసిందే చూస్తాయి.

ఐదో రోజు పొద్దున ఎనభై. మెట్టు ఎక్కడానికే ఆయాసపడ్డాడు. పడుకుంటే ఊపిరాడక మళ్ళీ లేచి కూర్చున్నాడు. వసంతమ్మ వీపుమీద స్టెతస్కోపు పెట్టి వింటే అడుగున బుడబుడమంటోంది. అప్పుడే హన్మవ్వ వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, గా పదకొండు నంబరు సీసాకు చీమలు పట్టినయ్."

"ఏం చీమలు?"

"నల్ల చీమలు. బారు కట్టినయ్. పక్కమంచం సీసా దిక్కు ఒక్కటి పోతలేదు. గిదేందో నాకు సమజైతలేదు."

వసంతమ్మకు సమజైంది. సీసా తీసుకుని తన వంటింటికి పోయింది. గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచింది. నీలం పచ్చబడింది, పసుపయింది, నారింజయింది, చివరికి ఇటుక రంగుకు వచ్చి ఆగింది. మూత్రంలో చక్కెర ఇంతకంటే ఎక్కువ ఉండడానికి లేదు. చేరిన రోజు ఇదే మనిషి మూత్రాన్ని ఇదే మందులో కాచితే నీలం నీలంగానే ఉంది. నాలుగు రోజుల్లో చక్కెర జబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు.

ఆమె గొట్టాన్ని చేతిలో పట్టుకుని వార్డులోకి వచ్చింది. మంచం పక్క స్టూలు మీద రామకోటేశ్వరరావు చెంబెడు నీళ్ళు గటగటా తాగుతున్నాడు. ఆమె అతని ముందు నిలబడింది.

"రావుగారు, మీకు దూప బాగా అయితదా?"

"అవునండీ," అన్నాడతను, నర్సుగారికి తన మీద ఇంత అభిమానమా అని మురిసిపోతూ. "ఎన్ని నీళ్ళు తాగినా చాలదు."

"రాత్రికి నాలుగైదు సార్లు లేస్తరా?"

"ఆరు. మీకెట్టా తెలిసింది?"

"మీరు ఎవ్వరి సీసల పోస్తున్నరో గూడ తెలిసింది."

చెంబు కింద పడింది. నాగేంద్రమ్మ లేచి నిలబడింది. దాచుకోవడం చాతకాని మనుషులు, అడగకముందే చెప్పేశారు. చెప్పడంలో వాళ్ళకు తప్పు చేశామన్న స్పృహ కూడా పెద్దగా లేదు. వాళ్ళ ఊళ్ళో చెరుకు కొట్టడానికి ఫ్యాక్టరీ నుంచి చీటీ వస్తుంది. ఎవరి పేరున చీటీ వస్తే వాళ్ళ చెరుకే పోవాలి. చీటీ వచ్చిన రోజుకు తన చెరుకు చాలకపోతే? బావమరిది చేలోది నాలుగు మోపులు కలిపి బండి నింపుతారు. చీటీ వృథా కాకూడదు గదా! ఈ రైతులకు అది మోసం కాదు, చుట్టరికం. ఇక్కడ కూడా అంతే అనుకున్నారు. నిన్న ఎంత పోస్తే ఇవాళ అన్ని నీళ్ళన్నారు. బావగారి దగ్గర సరుకు లేదు. బావమరిది దగ్గర కావలసినంత ఉంది. కలిపారు.

"మా బావ దాహంతో అల్లాడిపోతుంటే చూళ్ళేకపోయానండీ," అన్నాడు రామకోటేశ్వరరావు. "నా దగ్గరుంది, ఇచ్చా. దానికేం ఖర్చు?"

పక్క మంచాల వాళ్ళు దుప్పట్లు ముఖాల మీదికి లాక్కుని నవ్వారు. ఎనిమిదో మంచంలోని ఆపరేషను అయిన ముసలాయన కుట్లు పట్టుకుని, "నన్ను నవ్విపియ్యకున్రి, బాంచెన్," అని మొత్తుకున్నాడు. వసంతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఫ్యాక్టరీల మీ బండిని ఎన్నిసార్లు కాటా పెడ్తరు?" అని గద్దించింది.

"రెండు సార్లు," అన్నాడు చెన్నకేశవరావు, ఆయాసంలో కూడా రైతే గనక. "నిండు బండి ఒకసారి. దించాక ఖాళీ బండి."

"చెరుకు దించకుంటనే దించినమని చీటీ మీద రాపిస్తే, కాటా ఒప్పుకుంటదా? మీరు గదే చేసిన్రు. సీస దిగిందంటున్నది, బరువు దిగలేదంటున్నది. గా దిగని సరుకంతా మీ ఛాతిల ఉన్నది రావుగారు. గందుకే ఊపిరాడుతలేదు."

ఈ మాట సూటిగా తగిలింది. ముగ్గురి ముఖాలూ ఒక్కసారిగా తెల్లబోయాయి. చెన్నకేశవరావు తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, లోపల ఎవరో ఉన్నట్టు చూసుకున్నాడు. చేతిలోని గ్లాసును తానే పక్కన పెట్టేశాడు.

అప్పటినుంచి రోజుకు ఒక్క గ్లాసు. వసంతమ్మ ఆయనను ఎత్తుగా కూర్చోబెట్టింది, చెమట పట్టేట్టు దుప్పట్లు కప్పింది, నోరెండితే తడిగుడ్డతో పెదాలు అద్దింది, నిమ్మబద్ద నాలుక మీద రాసి తీసేసింది. ఇంటికి పోవడం మానేసింది. ఛాతీలో బుడబుడలు పైకి ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అని గంటకోసారి వినేది. హైదరాబాద్ పంపిద్దామా అని బాపురావు అడిగితే, దారిలో కుదుపులకు తట్టుకోడంది. "నేను గదే అనుకుంటున్న సిస్టర్," అన్నాడతను. రామకోటేశ్వరరావుకు చక్కెర జబ్బు మందు మొదలుపెట్టారు. బావను కాపాడబోయి తన రోగం తానే బయటపెట్టుకున్న ఆ మహానుభావుడికి బెల్లం బందయింది.

అందరికంటే మారింది నాగేంద్రమ్మ. పాపభయమో, పశ్చాత్తాపమో, ఆమె కొంగు బిగించి మంచం కాళ్ళ దగ్గర కాపలా కూర్చుంది. చూడవచ్చిన చుట్టం మరచెంబు తీస్తే లాక్కుంది. భర్త స్నానం పేరుతో చెయ్యి తడుపుకుని నాకితే చేతులు తుడిచింది. సీసాకు దారం కట్టి, ఎవరూ ముట్టకుండా తానే పట్టుకుంది. మిగతా రోగులకు నీళ్ళు ఇవ్వడానికి వచ్చిన హన్మవ్వను కూడా ఒకసారి వెనక్కి పంపేసింది. "గామె ఉంటే గీ వార్డుల చెట్లు గూడ ఎండుతయ్," అని హన్మవ్వ గొణిగింది.

ఆరు, ఏడు, ఎనిమిది రోజులు గడిచాయి. సీసాలో పావు గ్లాసు దాటలేదు. బరువు ఎనభై నుంచి డెబ్బై తొమ్మిదిన్నరకు, అక్కడినుంచి డెబ్బై తొమ్మిదికి ఈడ్చుకుంటూ దిగింది. పన్నెండో రోజు పొద్దున సీసాలో రెండు గ్లాసులు. వసంతమ్మ వార్డులో ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో కాచింది. నీలం నీలంగానే ఉంది. మిషను ఎక్కించింది, ఒకసారి కాదు మూడుసార్లు, చెయ్యి గోడకు తగలకుండా. అర్ధకిలో తగ్గాడు. సాయంత్రానికి ఇంకో నాలుగు గ్లాసులు. మర్నాటికి సీసాలు చాలక బకెట్టు పెట్టారు, నాలుగు లీటర్లు! మూడూ పొత్తు కుదిరాయి. చెన్నకేశవరావు పదిహేను రోజుల తర్వాత గోడలు అదిరేట్టు నవ్వాడు.

వసంతమ్మ నవ్వలేదు. మేలుకున్న మూత్రపిండాలకు ఇంకా తెలివి రాలేదని, ఉంచుకోవలసిందేదో పొయ్యవలసిందేదో ఎరగక అన్నీ పారబోస్తాయని ఆమెకు తెలుసు. ఒకప్పుడు నీళ్ళెక్కి పోవలసిన మనిషి ఇప్పుడు నీళ్ళు లేక పోతాడు. ఆమె కూజా తెప్పించింది, తాళం తీసి బొండాలు తెమ్మంది.

"అమ్మా, ఇప్పుడు తాగిపియ్యున్రి. ఎంత పోస్తే అంత. బొండం నీళ్ళు గూడ, ఉప్పేసిన చారు గూడ."

నాగేంద్రమ్మ కూజాకు అడ్డంగా నిలబడింది. "ఇవ్వను."

"నేనే చెప్తున్న గద."

"మీరు నన్ను పరీక్షిస్తున్నారు. నాకు తెలుసు. చచ్చినా ఇవ్వను," అంది ఆమె. బాపురావు వచ్చి చెప్పాడు, తమ్ముడు బతిమిలాడాడు, వినలేదు. చెన్నకేశవరావు పెదాలు చీలుతున్నాయి, నాలుక అంగిట్లో అంటుకుంటోంది, పొద్దున ఆరు నుంచి పది దాకా లీటరున్నర పోయింది, లోపలికి ఒక్క గుక్క పోలేదు. ఆయన కూడా భార్య వైపు చూసి చెయ్యి అడ్డం ఊపాడు. ఈ ఇల్లు మొత్తానికి వసంతమ్మ నేర్పిన పాఠం ఇప్పుడు వసంతమ్మకే అడ్డం వచ్చింది.

ఆమె వాదించలేదు. నాగేంద్రమ్మ చెయ్యి పట్టుకుని భర్త కాలి దగ్గరికి తీసుకుపోయి, ఆవిడ బొటనవేలినే ముంగాలి మీద పెట్టి నొక్కించింది. తీయమంది. గుంట పడలేదు. తర్వాత ఆయన చేతి మీద చర్మం రెండు వేళ్ళతో పైకి లాగించి వదలమంది. చర్మం లాగినచోటే ముడతై నిలబడిపోయింది, వెనక్కి పోలేదు.

"చూసిన్రా? అప్పుడు నీళ్ళు ఎక్కువ. ఇప్పుడు తక్కువ. నేను చెప్తున్నా అనుకోకున్రి, గా తోలు చెప్తున్నది."

నాగేంద్రమ్మ ఆ ముడతను తడిమింది. మళ్ళీ తానే లాగి చూసింది. మెల్లగా కూర్చుని, ఎవరికీ వినబడకుండా అడిగింది: "సిస్టరుగారూ, ఆ సీసా ఆలోచన మా తమ్ముడిది కాదండీ, నాది. ఆ చీమలు పట్టకపోయుంటే ఆయన్ను నేనే చంపేసుండేదాన్నా?"

వసంతమ్మ పుట్టి బుద్ధెరిగాక తప్పు లెక్క చెప్పిన మనిషి కాదు. అవునంటే ఈ మనిషి బతికినన్నాళ్ళూ కుములుతుంది. కాదంటే అది అబద్ధం. ఆమె తన నోట్‌బుక్ తెరిచి మూడో రోజు, నాలుగో రోజు పేజీలు తీసి నాగేంద్రమ్మ ఒళ్ళో పెట్టింది.

"నీళ్ళు మీరు పోసిన్రు. పెంచుమని రాసింది నేను. బరువు పెరిగిందని గీడనే రాసి ఉన్నది, సూడున్రి, నా రాతే. చూసి గూడ నమ్మలేదు. చంపుడంటే మనం ఇద్దరం కలిసి చంపేటోళ్ళం, అమ్మా."

నాగేంద్రమ్మ ఆ అంకెలు చదివింది. చదివి, పదిహేను రోజులుగా ఆపుకున్నదంతా వదిలి భోరున ఏడ్చింది. వసంతమ్మకూ కళ్ళు నిండాయి. ఆమె కొంగుతో తుడుచుకుని, కూజా వంచి గ్లాసు నింపి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఏడుసుకుంటనే పట్టున్రి. నాలుగు గంటలు లేటైంది."